ఇంట్లో పుట్టిన బాబు జనన నమోదు: ఏడాది నిండేలోపు అనుమతి ఎవరివ్వాలి?

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక తండా. మా అక్క కొడుకు 2025 జనవరి 9 రాత్రి ఇంట్లోనే పుట్టాడు. 108 వచ్చేసరికే కాన్పు అయిపోయింది. తర్వాత అక్కాబావలు పనికి పుణె పోయారు, నమోదు అట్లే ఉండిపోయింది. ఇప్పుడు డిసెంబర్‌లో ఊరికొచ్చారు. నేను ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది చదువుతున్నా కాబట్టి పని నా నెత్తిన పడింది.

1969 జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 13 ప్రకారం 30 రోజులు దాటి ఏడాదిలోపైతే రాతపూర్వక అనుమతి చాలు, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పుస్తకంలో చక్కగానే ఉంది! పంచాయతీ కార్యదర్శి ‘అనుమతి కాగితం తెస్తే ఎక్కిస్తా’ అంటున్నారు. మండల ఆఫీసులో అడిగితే డివిజన్‌కు పొమ్మన్నారు. అక్కడేమో ‘ఏడాది కాలేదు కదా, మా దగ్గరికెందుకు’ అని మళ్లీ పంచాయతీకే తిప్పారు. మీసేవలో, రికార్డుకెక్కనిదే ధ్రువపత్రం రాదన్నారు.

చేతిలో ఏఎన్‌ఎం రాసిన తల్లీబిడ్డల కార్డు ఉంది. అందులో పుట్టిన తేదీ, బరువు 2.6 కిలోలు, టీకాలు అన్నీ ఉన్నాయి. బిడ్డ పేరు గడిలో మాత్రం ‘బేబీ ఆఫ్’ అని అక్క పేరే రాశారు. అక్కాబావల ఆధార్, ఆశా కార్యకర్త సంతకంతో ఒక కాగితం కూడా ఉన్నాయి. 2023 సవరణ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చాలన్నా జనన ధ్రువపత్రమే ఆధారం, వదిలేసేది కాదు.

ఈమధ్య మన జిల్లాలో గానీ, పాలమూరు వైపు గానీ ఇంటి కాన్పును ఏడాదిలోపు ఆలస్యంగా నమోదు చేయించినవాళ్లు ఉంటే చెప్పండి: అనుమతి కాగితం మీకు ఏ అధికారి ఇచ్చారు?