అప్‌డేట్: డ్రేయర్ సినిమాలోని ఆ మంట నాజీల గురించేనా?

డెన్మార్క్ దర్శకుడు డ్రేయర్ తీసిన 'డే ఆఫ్ రాత్'లో మంత్రగత్తెల వేట నాజీల మీద విసురేనా అని అడిగింది నేనే. మీ మాట విని మళ్లీ చూశాను.

కథ 1623 నాటిది. విడుదలైంది మాత్రం 1943లో, జర్మన్ల చేతిలో ఉన్న డెన్మార్క్‌లో. రాజకీయం ఏమీ లేదనే డ్రేయర్ అన్నాడు. అని, స్వీడన్ వెళ్లిపోయాడు!

నన్ను వదలనిది, మంత్రగత్తె అని ముద్ర పడ్డ ముసలి మార్తె సీను. నిచ్చెనకు కట్టి, పైకి లేపి, మంటలోకి వాల్చేస్తారు. పక్కన పిల్లలు బుద్ధిగా పాడుతుంటారు. విచారించే పాస్టర్లు గొంతు కూడా పెంచరు. చివర్లో కోడలిని మంత్రగత్తె అని పట్టించేది ఇంట్లో మనిషే, కొడుకు శవపేటిక ముందే, అత్తగారు. ఆక్రమణ రోజుల్లో హాల్లో కూర్చున్నవాళ్లకు పక్కింటి ఇన్ఫార్మర్ గుర్తురాకుండా ఉంటాడా? డ్రేయర్ కాదన్నా సరే, నేను అలాగే చూస్తాను.