అప్‌డేట్: అమ్మ జబ్బు గురించి పాపకు చెప్పేశాం

నా భార్యకు రొమ్ము క్యాన్సర్ అని తేలి కీమో మొదలవుతున్నప్పుడు, ఐదేళ్ల పాపకు ఏం చెప్పాలి, ఇంట్లో నవ్వు ఎలా నిలుపుకోవాలి అని అడిగాను. చాలామంది దాచవద్దన్నారు. అలాగే జబ్బు పేరు పెట్టే చెప్పాం. అది అంటుకోదని, ఎవరి తప్పువల్లా రాదని కూడా చెప్పాం. పాప అంతా విని, "అయితే నేను అల్లరి చేసినందుకు రాలేదా?" అంది. ఆ అనుమానాన్ని ఎన్నాళ్లుగా మోస్తోందో!

మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో జుట్టు రాలడం మొదలవుతుందని డాక్టరు ముందే చెప్పారు. అందుకని నా భార్యే పొట్టిగా కత్తిరించుకుందామని కత్తెర పాప చేతికిచ్చింది. ఎంత వంకరగా వచ్చిందో వర్ణించలేను. కీమోలో ఇచ్చే డాక్సోరుబిసిన్ ఎర్రటి మందు, ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. పాపకు అంతకంటే పెద్ద వింత లేదు.

"ఎప్పుడూ నవ్వుతూ ఉండండి" అన్న సలహా మాత్రం పక్కన పెట్టాం. ఏడుపొచ్చిన రోజు నా భార్య ఏడుస్తుంది, అంతే. డోసు పడిన వారం తర్వాత ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి కాబట్టి ఆ రోజుల్లో చుట్టాలను రావద్దంటున్నాం. కొందరు అలిగారు, అలగనివ్వండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే అర్ధరాత్రయినా ఆసుపత్రికే.

ఇంకొన్ని డోసులు, ఆపై శస్త్రచికిత్స మిగిలాయి. అవయ్యాక మళ్లీ రాస్తాను.