అప్‌డేట్: చీరల షాపులో రికమెండేషన్ల టెస్ట్, తేడా ఎందుకు రాలేదో దొరికింది

పోయిన నెల అడిగింది ఇదీ: మా ఆన్‌లైన్ చేనేత చీరల షాపులో "ఇవి చూసినవాళ్లు ఇవీ చూశారు" పద్ధతి పాత డేటా మీద అదరగొట్టింది. ఏ/బీ టెస్ట్‌లో (కస్టమర్లను రెండు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో పద్ధతి చూపించి పోల్చడం) మాత్రం "ఎక్కువమంది చూసినవి" అనే మామూలు వరసను కూడా దాటలేదు. ఎందుకని?

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. డేటాను తేదీ ప్రకారం విడగొట్టమన్న సలహాతోనే చిక్కు వీడింది. నేను క్లిక్‌లను కలగాపులగంగా 80-20గా చీల్చాను: 80 శాతం మోడల్ (చీరలు సూచించే ప్రోగ్రామ్) నేర్చుకోడానికి, 20 శాతం దాన్ని పరీక్షించడానికి. ఒకే కస్టమర్ ఒకే పూట నొక్కినవి కొన్ని అటు, కొన్ని ఇటు పడ్డాయి. ప్రశ్నాపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టే, మార్కులు రాకేం చేస్తాయి! చివరి 4 వారాలను విడిగా పరీక్షకు ఉంచగానే ఆ గొప్పంతా దిగిపోయింది.

ఇంకోటి నాకే తట్టాల్సింది. మా దగ్గర మంగళగిరి చీరలు చాలావరకు ఒక్కో పీసే. అమ్ముడైపోయిన చీరనే మోడల్ చూపిస్తోంది, నొక్కితే "స్టాక్ లేదు". ఇప్పుడు చీర కోడ్ బదులు రంగు, అంచు, ధర పోలుస్తున్నాం, అమ్ముడైనవి తీసేస్తున్నాం. రెండో టెస్ట్‌లో ఇదే గెలిచింది. ఈసారి 2 వారాలూ నిండేదాకా మధ్యలో ఫలితాలు తొంగిచూసి తొందరపడి తేల్చేయలేదు.

సర్వర్ స్లో, బటన్ రంగు అన్నారు కొందరు. వాటికీ దీనికీ సంబంధం లేదు.