వాటర్ కలర్ వేసేవాళ్లూ, ఎండాకాలంలో వాష్ (నీళ్లు ఎక్కువ కలిపి వేసే పల్చటి రంగు పూత) ఎలా వేస్తున్నారు?

కుంచెకబుర్లు:
ఉండేది హైదరాబాద్‌లో. ఏప్రిల్ వచ్చిందంటే ఆకాశం వేయడం నరకమే. కుంచె కిందికి వచ్చేలోపు పైభాగం ఆరిపోయి చారలు పడుతున్నాయి. వాడేది 300 జీఎస్ఎం (అంటే మందపాటి) కాటన్ పేపరే, నెపం దాని మీద పెట్టకండి. ఫ్యాన్ ఆపితే చెమట బొట్లు బొమ్మ మీద. మీరేం చేస్తున్నారు?

రావిచెట్టు:
పొద్దున్నే ఎండెక్కకముందు వేసేయండి, దాన్ని మించిన మందు లేదు. కుదరకపోతే పేపర్‌ని రెండు వైపులా తడిపి యాక్రిలిక్ షీట్ మీద పరచండి. అడుగున తడి ఉంటుంది కాబట్టి తొందరగా ఆరదు. నీళ్లలో గ్లిసరిన్ చుక్క వేయమని కొందరంటారు గానీ నాకు నచ్చదు, వానాకాలంలో రంగు జిగటగా తయారవుతుంది.

సాగరతీరం:
మీ బాధ ఎండైతే మా వైజాగ్‌లో ఉక్క. పేపర్ మీద ఉండే సైజింగ్, అంటే రంగుని వెంటనే పీల్చుకోకుండా ఆపే పూత, పాడవుతుంది, అప్పుడు రంగు పెట్టగానే అక్కడక్కడా మచ్చల్లా పీల్చేసుకుంటుంది. ఒకసారి పోయిందంటే ఆ షీట్ చిత్తుకే. అందుకే కొన్న రోజే జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో పెట్టేస్తా. పాలెట్ తడిగా ఉండగా మూత వేయకండి. రంగుల్లో ఉండేది తుమ్మబంక, బూజుకి అంతకన్నా విందు ఏముంటుంది!

గోదారిగట్టు:
కాస్త పక్కకి వెళ్తున్నా. టర్నర్, సార్జెంట్ అని విదేశీ చిత్రకారుల్ని కలవరించే మనవాళ్లు రాజమండ్రిలో దిగి మన చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూడకుండా వెళ్లిపోతారు, అదే నా కోపం. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారాయన. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చేయి పట్టి నడిపిస్తే బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, తిరిగొచ్చి సొంత ఊళ్లోనే చిత్రకళ నేర్పే బడి పెట్టారు. ఆయన తర్వాత వరదా వెంకటరత్నం గారు దాన్ని నిలబెట్టారు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. ఒక్క మాస్టారి చుట్టూ అంతమంది తయారయ్యారు, ఇంట్లో ఒంటరిగా వీడియోలు చూసి కాదు.

కుంచెకబుర్లు:
ఆ చివరి మాట నాకే తగిలింది 😀 అందరితో కలిసి గీయాలంటే సిగ్గు, ఎలా మొదలుపెట్టాలి?

చార్మినార్‌చాయ్:
అర్బన్ స్కెచర్స్ గురించి వినే ఉంటారు, 2007లో సియాటిల్‌లో గాబ్రియెల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు మొదలుపెట్టింది. ఫోటో చూసి కాదు, అక్కడే కూర్చుని గీయాలి. మేం నలుగురైదుగురం అదే పద్ధతిలో ఆదివారాలు మొజంజాహీ మార్కెట్ దగ్గర కూర్చుంటాం. జనం వెనక నిలబడి "నన్ను కూడా వెయ్యి భాయ్" అంటారు, మొదట్లో టెన్షన్, తర్వాత అదే సరదా. అయ్యాక పుస్తకాలన్నీ అరుగు మీద పరుస్తాం. అదే గుమ్మటం నీడకి ఒకరు అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపి బూడిద రంగు వేస్తే, ఇంకొకరు నేరుగా వయొలెట్ పెట్టేశారు, ఎండ పడ్డచోట ఉత్త కాగితం వదిలేశారు. ఏ క్లాసులోనూ ఇంత తొందరగా అర్థం కాదు.

సాగరతీరం:
అమ్ముదామనుకునేవాళ్లకి ఒక మాట. అసలైన అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు వెలుతురుకి వెలిసిపోతుంది. నమ్మకపోతే కాగితం మీద పట్టీలా వేసి, సగం అట్టతో మూసి, కిటికీకి కొన్ని నెలలు అంటించి చూడండి. గోడకి పెట్టే బొమ్మలో దాని బదులు క్వినాక్రిడోన్ రోజ్ అనే గులాబీ రంగు వాడుకోండి.

కుంచెకబుర్లు:
ఈ ఆదివారం మొజంజాహీ ఎన్నింటికి?

చార్మినార్‌చాయ్:
ఆరున్నరకి. కూర్చోడానికి చిన్న స్టూల్ తెచ్చుకోండి, మావి ఇవ్వం.