అప్‌డేట్: ఐస్‌లాండ్ క్యోలుర్ గ్రావెల్ రూట్‌లో 40 మి.మీ. టైర్లు చాలవు

ఐస్‌లాండ్ హైలాండ్స్ (దేశం మధ్యలోని ఎత్తయిన ప్రాంతం) సైకిల్‌పై దాటడానికి క్యోలుర్ దారి మేలా, స్ప్రెంగిసాండుర్ దారి మేలా, 40 మి.మీ. వెడల్పు టైర్లు సరిపోతాయా అని ఇంతకుముందు అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. క్యోలుర్‌కే (35వ నంబరు రోడ్డు) వెళ్లాను. లాంగ్యోకుల్, హోఫ్స్‌యోకుల్ హిమానీనదాల మధ్య నుంచి వెళ్లే ఈ దారిలో నదులన్నిటికీ వంతెనలున్నాయి. స్ప్రెంగిసాండుర్‌లో (ఎఫ్26) నీళ్లలో దిగాల్సిందే. ఎండకు మంచు కరిగి సాయంత్రానికి ప్రవాహం పెరుగుతుంది కాబట్టి అక్కడైతే పొద్దున్నే దాటాలి.

టైర్ల విషయంలో 40 చాలవన్న మీరే కరెక్ట్. 50 మి.మీ. ట్యూబ్‌లెస్ వేశాను, సామానుతో గాలి ముందు 26, వెనక 30 పీఎస్ఐ. లావా రాళ్ల అంచులు సైడ్‌వాల్‌ని (టైరు పక్క గోడని) కోస్తాయి, ఆ కోతని సీలెంట్ (చిల్లులు పూడ్చే టైరులోని ద్రవం) ఆపలేదు. చిల్లులో దూర్చే ప్లగ్గులతో పాటు టైర్ బూట్ (కోతకి లోపలి నుంచి వేసే అతుకు), ఒక ట్యూబ్ తప్పనిసరి.

అసలు శత్రువు రేకుల్లా అలలు తేలిన రోడ్డు. ఆ అదురుకి ర్యాక్ (సామాను పెట్టే స్టాండు) బోల్టులు వదులవుతాయి. నీలం థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) రాసి, రోజూ సాయంత్రం ఎం5 (5 మి.మీ.) బోల్టులన్నీ బిగించి చూడాలి. చెయిన్‌కి వెట్ ల్యూబ్ (జిడ్డుగా ఉండే నూనె) వద్దు, బూడిద దుమ్ముతో కలిసి గరుకు ముద్దలా మారి చెయిన్ చక్రాల పళ్లని అరగదీస్తుంది. వ్యాక్స్ (మైనం) నయం, వానపడితే మళ్లీ రాయాలి.

నీళ్లు కనీసం 4 లీటర్లు మోయండి. ఆ నేల వానని పీల్చేసుకుంటుంది, వాగులు చాలాదూరం కనిపించవు. హిమానీనదాల బూడిదరంగు నీళ్లు ఫిల్టర్‌ని పూడ్చేస్తాయి. తేటగా ఉన్న ఊటలే పట్టుకోవాలి.

ఇక ఎదురుగాలి. దానికి మాత్రం ఏ స్పేర్ పార్టూ లేదు.