సివిల్‌లో ఎంటెక్: వైజాగ్‌లోనే చేయాలంటే గేట్ తప్పదా, పీజీఈసెట్ చాలా?

గాజువాక సైట్ ఇంజనీర్:

అందరికీ నమస్కారం. నాది 2022 బ్యాచ్, బీటెక్ సివిల్, సీజీపీఏ 6.3, జనరల్ కేటగిరీ. అప్పటినుంచి ఇక్కడే అపార్ట్‌మెంట్ సైట్లలో చేస్తున్నా. బార్ బెండింగ్ షెడ్యూళ్లు, మేస్త్రీల బిల్లులు, స్లాబ్ వేసే రోజు అర్ధరాత్రి దాకా మిక్సర్ దగ్గర నిలబడటం, ఇదే పని. డ్రాయింగ్‌లో ఏముంటే అది వేయించడమే తప్ప ఆ కాలమ్‌కి ఆ సైజు ఎందుకిచ్చారు, ఆ కడ్డీ ఎందుకు మార్చారు అన్నది మా దాకా రాదు. డిజైన్ వైపు వెళ్లాలని గట్టిగా ఉంది, కుదిరితే తర్వాత టీచింగ్ కూడా. ఇంట్లో నాన్నగారు రిటైర్ అయ్యారు, అమ్మకి ఒంట్లో బాగోదు, కాబట్టి ఊరు దాటి వెళ్లలేను, ఫీజు సంగతి కూడా చూసుకోవాలి.

అడగాలనుకున్నది ఏంటంటే, 6.3తో ఎంటెక్‌కి అర్హత ఉంటుందా? ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) సీటుకి రాష్ట్ర ప్రవేశపరీక్ష పీజీఈసెట్ చాలా, లేక జాతీయ స్థాయి గేట్ కూడా రాయాలా? ఉద్యోగం మానకుండా చదవడం కుదురుతుందా? ఇంకోటి, రెండేళ్లలో ఏమేం పూర్తి చేస్తే డిగ్రీ చేతికొస్తుందో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు, థీసిస్ అనగానే అందరూ భయపెడుతున్నారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

మద్దిలపాలెం సీనియర్:

అర్హత గురించి టెన్షన్ అక్కర్లేదండీ. పీజీఈసెట్ ద్వారా చేరడానికి బీటెక్‌లో 50 శాతం ఉంటే చాలు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 45. మీ 6.3ని పదితో గుణించి 63 అని రాసేయకండి, మీ యూనివర్సిటీ ఇచ్చిన ఫార్ములా ప్రకారం ఎంత వస్తే అంతే వేయాలి, ఎలా చూసినా మీకు 50 దాటుతుంది. పరీక్ష రెండు గంటలు, 120 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు, జనరల్‌కి 30 మార్కులొస్తే క్వాలిఫై అయినట్టే.

కానీ నా మాట వింటే గేట్ కూడా రాయండి. గేట్ అంటే ఐఐటీకి వెళ్లేవాళ్లకే అని చాలామంది అనుకుంటారు, అసలు నష్టం అక్కడే జరుగుతోంది. గేట్ క్వాలిఫై అయి ఏఐసీటీఈ (టెక్నికల్ కోర్సుల్ని చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్న కాలేజీలో ఫుల్‌టైమ్ ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది, 24 నెలల వరకు. అంటే మొత్తం 2,97,600. పీజీఈసెట్ ర్యాంకు మీద చేరినవాళ్లకి ఇది రాదు. ఒకే క్లాసు, ఒకే బెంచీ, ఒకళ్లకి నెలనెలా డబ్బు, పక్కవాళ్లకి ఏమీ లేదు. సివిల్‌లో జనరల్‌కి కటాఫ్ వందకి ముప్పై మార్కుల చుట్టూ ఉంటోంది, అదేమీ కొండెక్కడం కాదు. పైగా మన రాష్ట్రంలో ఎంటెక్ సీట్లలో గేట్ వాళ్లకే మొదటి ప్రాధాన్యం, మిగిలిన సీట్లకే పీజీఈసెట్ ర్యాంకులు చూస్తారు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఒకసారి గట్టెక్కితే తర్వాతి ఏడాది కూడా చేతిలో ఉంటుంది.

నోటిఫికేషన్ ఆగస్టు, సెప్టెంబర్ ప్రాంతంలో వస్తుంది, పరీక్ష ఫిబ్రవరిలో, వైజాగ్‌లోనే సెంటర్ ఉంటుంది. ఇందులో మాత్రం నెగటివ్ మార్కులున్నాయి, తప్పు ఆప్షన్ పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. సమాధానం అంకెలో టైప్ చేసే ప్రశ్నలకి, ఒకటి కంటే ఎక్కువ సరైన ఆప్షన్లుండే ప్రశ్నలకి నెగటివ్ లేదు, వాటిని వదలకండి. జనరల్ ఆప్టిట్యూడ్ 15 మార్కులు, మ్యాథ్స్ 13 దాకా. కటాఫ్‌లో చాలా భాగం అక్కడే దొరుకుతుంది.

రుషికొండ రాయి:

6.3తో ఎన్‌ఐటీలు మాత్రం కుదరవు. సీసీఎంటీలో (ఎన్‌ఐటీల ఎంటెక్ కౌన్సెలింగ్) జనరల్‌కి 6.5 సీజీపీఏ లేదా 60 శాతం అడుగుతారు, ఎస్సీ ఎస్టీలకి 6.0 లేదా 55. మీరెలాగూ ఊరు దాటరు కాబట్టి మీకు సమస్య లేదు గానీ, ఇది చదివే జూనియర్లు తెలుసుకుంటారని రాస్తున్నా, ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ఆ కాస్త పెంచుకోండి.

డిజైన్ ఆఫీస్ నుంచి:

నేను కాస్త వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. డిజైన్ నేర్చుకోవడానికే అయితే రెండేళ్లు ఉద్యోగం మానక్కర్లేదు. ఊళ్లో కన్సల్టెన్సీలున్నాయి, సైట్ అనుభవం ఉన్న కుర్రాళ్లని తీసుకుంటారు, మొదట్లో జీతం తక్కువైనా ఐఎస్ 456 (కాంక్రీట్), ఐఎస్ 13920 (భూకంపాలకి తట్టుకునేలా కడ్డీలు పెట్టడం) కోడ్ పుస్తకాలు ముందు పెట్టుకుని ఈటాబ్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పని మొదలుపెడితే మామూలు బిల్డింగుల వరకు చేయి తిరుగుతుంది. అపార్ట్‌మెంట్ డిజైన్‌తో ఆగిపోవాలనుకుంటే అది చాలు.

కానీ స్ట్రక్చరల్ డైనమిక్స్, ఫైనైట్ ఎలిమెంట్ లాంటివి పని చేస్తూ సొంతంగా పట్టుబడటం చాలా కష్టం, అవి ఎవరో ఒకరు బోర్డు మీద మొదటినుంచీ చెప్పాల్సినవే. ఉదాహరణకి గాలి లెక్క తీసుకోండి. గాలి లోడ్ల కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి బేసిక్ విండ్ స్పీడు సెకనుకి 50 మీటర్లు. 2015లో వచ్చిన సవరణలో తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపల కట్టేవాటికి కే4 అని ఇంకో ఫ్యాక్టర్ చేరింది, మామూలు కట్టడాలకి 1, ఇండస్ట్రియల్ వాటికి 1.15, ఆసుపత్రుల్లాంటి తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన కట్టడాలకి 1.30. ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 1.30 పెడితే లోడు దాదాపు 1.7 రెట్లవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ గడిలో అంకె నింపడం ఎవరికైనా వస్తుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను చూసిన ఊళ్లో ఆ అంకె ఎందుకో తెలిసినవాళ్లు డిజైన్ చేయాలి. ఆ తెలివి కోసం చదువుతానంటే మాత్రం వెళ్లండి, తప్పకుండా వెళ్లండి.

లెక్చరర్ మేడమ్:

డిగ్రీ సంగతి నేను చెబుతానమ్మా, ఎంటెక్ వాళ్లకి గైడ్‌గా ఉంటున్నాను కాబట్టి.

ఏఐసీటీఈ మోడల్ కరిక్యులమ్ ప్రకారం రెండేళ్లకి మొత్తం 68 క్రెడిట్లు. మొదటి రెండు సెమిస్టర్లు చెరో 18, తర్వాతి రెండూ చెరో 16. యూనివర్సిటీని బట్టి కొద్దిగా అటూఇటూ ఉంటుంది గానీ ఎముకల గూడు ఇదే. మొదటి ఏడాది కోర్ సబ్జెక్టులు, ఎలక్టివ్‌లు, ల్యాబ్‌లు, రీసెర్చ్ మెథడాలజీ. మూడో సెమిస్టర్‌లో ఒక ఎలక్టివ్, ఒక ఓపెన్ ఎలక్టివ్ పోతే మిగిలిన 10 క్రెడిట్లు డిసర్టేషన్ (అదే థీసిస్) మొదటి దశ. నాలుగో సెమిస్టర్ 16కి 16 డిసర్టేషనే. అంటే 68లో 26 మీరు ఒక్క పని మీద సంపాదిస్తారు. అందుకే థీసిస్‌ని చివర్లో చూసుకుందాం అనుకోకూడదు. భయపడాల్సిందేమీ లేదు, ముందు మొదలుపెట్టాలి అంతే.

కాంక్రీట్ మీద పనిచేసే పిల్లలతో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే గొడవ. బలం పరీక్షించే కాంక్రీట్ క్యూబ్ పోశాక 28 రోజులు క్యూరింగ్ కావాలి. మన ఊరు సముద్రపుటొడ్డు కదా, క్లోరైడ్, సల్ఫేట్‌లకి కాంక్రీట్ ఎంత మన్నుతుందో (డ్యూరబిలిటీ) చేస్తామని టాపిక్ తీసుకుంటారు, మంచి టాపిక్కే, కానీ దానికి 28 తర్వాత ఇంకో 56, 90 రోజులు ఆ ద్రావణంలో ఉంచాలి. నాలుగో సెమిస్టర్ జనవరిలో తీరిగ్గా సిమెంటు తెచ్చి ట్రయల్ మిక్స్ మొదలుపెడితే 90 రోజుల రీడింగ్ ఎప్పుడొస్తుందో మీరే లెక్కేసుకోండి. ట్రయల్ మిక్సులు మూడో సెమిస్టర్‌లోనే అయిపోవాలి. మౌల్డులు సరిపడా ఉన్నాయా, కంప్రెషన్ మెషీన్ పనిచేస్తోందా, ఇవి టాపిక్ ఖాయం చేసేముందే ల్యాబ్‌కి వెళ్లి కళ్లతో చూడండి. సైట్‌లో పనిచేసినవాళ్లకి ఈ విషయంలో మిగతావాళ్లకంటే చేయి బాగా నడుస్తుంది, మీకది బలం.

రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాకా పర్వాలేదు. 10 నుంచి 40 మధ్య వస్తే మళ్లీ సరిచేసి ఆరు నెలల లోపు ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పాత థీసిస్‌ల నుంచి లిటరేచర్ రివ్యూ ఎత్తేయడం ఇక్కడే దొరికిపోతుంది.

టీచింగ్ అన్నారు కాబట్టి ఇది కూడా. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి బీటెక్, ఎంటెక్ రెండిట్లో ఏదో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ ఉండాలి. బీటెక్ కాస్త తక్కువైంది గనుక ఎంటెక్‌లో ఫస్ట్ క్లాస్ మీకు తప్పనిసరి.

గాజువాక సైట్ ఇంజనీర్:

మేడమ్, చాలా చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గేట్‌కి ఈసారే అప్లై చేస్తా. ఇంకో రెండు డౌట్లు. చేరాక పొద్దున క్లాసులు, సాయంత్రం సైట్ అని సర్దుకోవచ్చా? స్ట్రక్చర్స్ (కట్టడాల డిజైన్) బ్రాంచికి పోటీ ఎక్కువ అంటున్నారు, అది రాకపోతే జియోటెక్ (నేల, పునాదులు) తీసుకోవచ్చా, లేక ఇంకో ఏడాది ఆగాలా?

మద్దిలపాలెం సీనియర్:

స్కాలర్‌షిప్ తీసుకుంటూ జీతం తీసుకోకూడదండీ, నిబంధనే అది. దానికి బదులు వారానికి 8 నుంచి 10 గంటలు ల్యాబుల్లో, క్లాసుల్లో సాయం చేయాల్సి ఉంటుంది. 75 శాతం అటెండెన్స్ కూడా చూసుకోవాలి. ఉద్యోగం వదలలేని పరిస్థితి అయితే వర్కింగ్ ప్రొఫెషనల్స్‌కి విడిగా నడిపే కోర్సులు చూడండి, అవి వేరే దారి, ఈ స్కాలర్‌షిప్ వాటికి రాదు. ఫుల్‌టైమ్ చేరితే మొదటి వారంలోనే కాలేజీ ఆఫీసులో మీ గేట్ స్కోర్‌కార్డు, ఆధార్‌కి లింకైన బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఎక్కించమని అడగండి. అది వాళ్లు చేయాల్సిన పనే గానీ వెంటపడాల్సింది మనమే.

జియోటెక్ గురించి, నేను చేసింది అదే. స్ట్రక్చర్స్ రాలేదని ఏడాది ఆగకండి. మన ఊళ్లో పోర్టు చుట్టూ మెరైన్ క్లే, కాస్త ఇటొస్తే ఎర్రమట్టి, కొండవైపు శిథిలమైన ఖోండలైట్ రాయి, పది పదిహేను కిలోమీటర్లలో ఇన్ని రకాల నేల. మెరైన్ క్లే మీద ఏదైనా కడితే కుంగడం ఏళ్ల తరబడి సాగుతుంది, పైల్స్ వేయాలా, నేలనే గట్టిపరచాలా అన్నది తేల్చేది జియోటెక్ వాళ్లే. పునాది డిజైన్ కూడా డిజైనే. ట్రయాక్సియల్ (మట్టి బలం కొలిచే పరీక్ష) మీద చేయి తిరిగినవాళ్లకి సాయిల్ ఇన్వెస్టిగేషన్ కంపెనీల్లో పని దొరుకుతుంది. వెబ్ ఆప్షన్లలో మొదట స్ట్రక్చర్స్ పెట్టండి, వెంటనే కింద జియోటెక్ పెట్టండి. ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది, బీటెక్ ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, టీసీ, ఈ మూడూ మీ చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి, కౌన్సెలింగ్ టైమ్‌కి వాటికోసం పాత కాలేజీ చుట్టూ తిరగాల్సి వస్తే ఉన్న సీటు పోతుంది.