సొంత లక్ష్యం కోసం రోజూ శ్రమిస్తూ, ఆసక్తి చావకుండా చూసుకోవడం ఎలా?

ఉద్యోగం చేసుకుంటూనే జపనీస్ భాష నేర్చుకోవాలన్నది నా చిరకాల కోరిక కావడంతో, రాత్రి భోజనం ముగిశాక క్రమం తప్పకుండా పుస్తకం ముందు కూర్చుంటున్నాను. కొంతకాలంగా మాత్రం ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివినా తలకెక్కడం లేదు. నిన్న పదేపదే రాసి దిద్దుకున్న అక్షరమే ఇవాళ కొత్తగా కనిపిస్తోంది. అంతకన్నా, ఇష్టపడి మొదలుపెట్టిన పని మీదే విసుగు పుట్టడం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ బర్నౌట్‌ను (ఎడతెగని పని ఒత్తిడి వల్ల కలిగే తీవ్ర అలసటను) జబ్బుగా కాక, ఉద్యోగ జీవితానికే పరిమితమైన స్థితిగా పేర్కొంది. శక్తి హరించుకుపోవడం, పనిపట్ల విముఖత, సామర్థ్యం తగ్గిందన్న భావన దాని లక్షణాలు. నిర్వచనం ఎలా ఉన్నా, ఈ మూడూ నా చదువులోనూ కనిపిస్తున్నాయి. పైఅధికారి పెట్టిన గడువైతే పొడిగించమని అడగవచ్చు, కానీ మనకు మనమే పెట్టుకున్న గడువును సడలించమని ఎవరిని అడగాలి?

పూర్తిగా మానేస్తే తిరిగి మొదలుపెట్టడం కష్టమని నా నమ్మకం. కాబట్టి ఏళ్ల తరబడి ఇలాంటి సాధన కొనసాగించినవారు దయచేసి చెప్పండి. వారంలో విరామదినాన్ని ముందే నిర్ణయించుకున్నారా, లేక అలసిన రోజున పాఠాన్ని కుదించుకుని కాసేపైనా కూర్చున్నారా? మామూలు బద్ధకానికీ, నిజంగా ఆగవలసిన అలసటకూ ఉన్న తేడాను ఏ గుర్తులతో పసిగట్టారు?